ఒక జత చెవులు, నలుగురు అమ్మకందారులు

నాకు వినికిడి తగ్గిందన్న సంగతి నాకంటే ముందు ఇంట్లోవాళ్లు కనిపెట్టారు. ఎదుటివాళ్లే మాటలు మింగేస్తున్నారని నేను చాలాకాలం నమ్మాను. వాళ్లు మాట్లాడుతున్నారని తెలిసేది గానీ ఏం మాట్లాడుతున్నారో తెలిసేది కాదు. 'తల' అన్నది 'కల'గా, 'పాత' అన్నది 'పాక'గా చెవిన పడేది. చివరికి పరీక్ష చేయించుకుంటే 500 హెర్ట్జ్ దగ్గర 20 డెసిబెల్స్, 1000 దగ్గర 30, 2000 దగ్గర 45, 4000 దగ్గర 65 అని వచ్చింది. హెర్ట్జ్ స్వరం ఎంత సన్నగా ఉందో చెబుతుంది, డెసిబెల్స్ అది నాకు వినపడాలంటే కనీసం ఎంత గట్టిగా ఉండాలో చెబుతాయి. ఈ నాలుగింటి సగటు 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన వర్గీకరణలో 35 నుంచి 50 లోపు ఉంటే మధ్యస్థ లోపమంటారు కనుక నేను అందులోకి వస్తాను. అయితే సగటు కన్నా, ఆ అంకెలను కలిపి గీసే ఆడియోగ్రామ్ అనే గీత వాలు ఎక్కువ విషయం చెబుతుంది. మాటలో బలమంతా అచ్చుల్లో, అంటే తక్కువ పౌనఃపున్యాల్లో (తక్కువ హెర్ట్జ్‌లలో) ఉంటుంది. ప, త, క, స వంటి హల్లులను ఒకదాన్నుంచి ఒకటి వేరుచేసే ఆనవాళ్లు ఎక్కువ పౌనఃపున్యాల్లో, అదీ చాలా బలహీనంగా ఉంటాయి. నా చెవి అచ్చులను ఉంచుకుని హల్లులను పోగొట్టుకుంది. గట్టిగా అరిచి చెప్పినా అర్థం కాకపోవడానికి కారణం అదే.

వినికిడి యంత్రం కొనాలని నిర్ణయించుకున్న తరువాత ఆరు నెలలకు పైగా నాలుగు రకాల అమ్మకందారుల దగ్గర తిరిగాను. ఒకటి ఒకే కంపెనీ సరుకు అమ్మే షోరూమ్, రెండోది పలు కంపెనీల యంత్రాలను అమర్చే స్వతంత్ర ఆడియాలజిస్టు (వినికిడి నిపుణురాలి) క్లినిక్, మూడోది ఎన్నో శాఖలున్న గొలుసు దుకాణం, నాలుగోది నేరుగా ఇంటికి పంపే ఆన్‌లైన్ సంస్థ. పేర్లు చెప్పను. వాటిలో ఎదురైన లోపాలు ఆ శాఖలోని ఆ ఒక్క మనిషివో, మొత్తం సంస్థవో తేల్చడం నా వల్ల కాదు. పైగా ఈ నాలుగు రకాలూ దాదాపు అన్నిచోట్లా ఉన్నవే కనుక, పేరు కన్నా పద్ధతిని పోల్చడమే చదివేవారికి ఉపయోగం.

వీటన్నిటికన్నా ముందు వెళ్లవలసింది చెవి ముక్కు గొంతు వైద్యుడి దగ్గరికి. వినికిడి ఒక్కసారిగా పడిపోయినా, ఒక చెవిలోనే తగ్గినా, చీము కారినా, తల తిరుగుతున్నా అది యంత్రాలు అమ్మేవాళ్లు చూడవలసిన విషయం కాదు. నా విషయంలో ఎడమచెవిలో గులిమి గట్టిపడి ఉంది. దాన్ని తీయించుకున్నాక ఆ చెవి కొంత తేలికపడింది కూడా. తీయించుకోకుండా పరీక్షకు కూర్చుని ఉంటే ఆ గులిమికి కూడా కలిపి యంత్రం కొనుక్కునేవాణ్ని.

షోరూమ్‌లో స్వాగతం బాగుంది, కుర్చీ మెత్తగా ఉంది, పరీక్ష మాత్రం పదినిమిషాల్లో అయిపోయింది. శబ్దం చొరబడని గది లేదు. మామూలు గదిలోనే హెడ్‌ఫోన్ పెట్టి, వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. పక్కగదిలో ఎవరో ఫోన్‌లో మాట్లాడుతున్న సందడి నాకు కూడా వినపడింది, నాకే వినపడిందంటే అది ఎంత గట్టిగా ఉందో ఊహించవచ్చు. ఎముక ద్వారా శబ్దం పంపి చూసే పరీక్ష చేయలేదు. లోపం బయటి, మధ్య చెవిలో ఉందా లేక లోపలి చెవిలోని నాడీభాగంలో ఉందా అని విడదీసి చెప్పేది ఆ పరీక్షే. మాటలు పలికించి తిరిగి చెప్పమనే పరీక్ష కూడా లేదు. గొలుసు దుకాణంలో గది ఉంది, ఎముక పరీక్ష చేశారు, మాటల పరీక్షను మాత్రం అడిగితే చేశారు. క్లినిక్‌లో గంటకు పైగా పట్టింది. రెండు పరీక్షలూ చేశాక, వెనక నలుగురు మాట్లాడుకుంటున్న రొదలో ఒక వాక్యాన్ని పట్టుకోగలనా లేదా అన్నది కూడా చూశారు. నిశ్శబ్దంలో నేను దాదాపు అన్ని మాటలూ చెప్పగలిగాను, రొదలో సగం జారిపోయాయి. నా అసలు ఇబ్బంది ఇదేనని కాగితం మీద రుజువైంది అక్కడే. మాటల జాబితా మనం ఇంట్లో మాట్లాడే భాషలోనే ఉందో లేదో కూడా చూసుకోవాలి. తెలియని భాషలో మాట తప్పు చెబితే ఆ తప్పు చెవిదో భాషదో ఎవరూ చెప్పలేరు.

ఇక కంపెనీల సంగతి. షోరూమ్ యువకుడు తమ బ్రాండుకు సాటి లేదన్నాడు, అది అతని ఉద్యోగం. చాలాకాలంగా ఈ రంగాన్ని ఏలుతున్న పెద్ద సంస్థలు ఐదే. ఫోనాక్, యూనిట్రాన్ రెండూ స్విట్జర్లాండ్‌కు చెందిన సోనోవావి. ఓటికాన్, బెర్నాఫోన్‌లతో పాటు ఫిలిప్స్ పేరుతో వచ్చే వినికిడి యంత్రాలు కూడా డెన్మార్క్‌లోని డెమాంట్ సంస్థవే. సిగ్నియా, వైడెక్స్, రెక్స్‌టన్‌లు 2019లో రెండు సంస్థల కలయికతో ఏర్పడిన డబ్ల్యూఎస్ ఆడియాలజీవి. రీసౌండ్, బెల్టోన్‌లు డెన్మార్క్‌కే చెందిన జీఎన్‌వి. అమెరికాలోని స్టార్కీ ఐదోది. ఈ లెక్క తెలిస్తే రెండు దుకాణాల్లో రెండు వేర్వేరు పేర్లతో కనిపించే యంత్రాలు ఒకే ఇంటి పిల్లలు కావచ్చునని అర్థమవుతుంది. ఐదు సంస్థల సరుకూ ఒకదానికొకటి దగ్గరగానే ఉంటుంది. తేడాలు ఉన్నాయి గానీ, అవి పెట్టుకుని చూస్తే తెలిసేవే తప్ప కరపత్రంలో చదివితే తెలిసేవి కావు.

పేరు కంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటి గొలుసు దుకాణంలో తేలింది. అక్కడి యంత్రాన్ని తయారు చేసింది పై ఐదింటిలో ఒక సంస్థే, పైన అచ్చేసింది మాత్రం దుకాణం సొంత పేరు. ధర క్లినిక్ చెప్పినదానికన్నా బాగా తక్కువ. సంతోషంగానే ఉన్నాను గానీ, మరోచోట దీన్ని సరిచేయించుకోవచ్చా అని అడిగితే కుదరదన్నారు. సాఫ్ట్‌వేర్ తాళం వేసి ఉంటుంది, ఆ దుకాణం శాఖల్లో తప్ప మరే ఆడియాలజిస్టూ దాన్ని తెరవలేరు. ఈ తాళం మోసమేమీ కాదు, ముందే చెబితే అది కూడా ఒక బేరమే. కానీ ఐదారేళ్లు చెవిలో ఉండే వస్తువు అది. ఈలోగా మనం ఇల్లు మారవచ్చు, ఆ శాఖ మూతపడవచ్చు, అక్కడి మనిషితో మనకు పొసగకపోవచ్చు. అడిగేదాకా చెప్పకపోవడమే నాకు నచ్చలేదు.

అసలు తేడా ఎక్కడుందో నాకు బోధపడింది క్లినిక్‌లో, అదీ నేను అనుకోని విధంగా. షోరూమ్‌వాళ్లు ట్రయల్‌కు ఇచ్చిన జతను అప్పటికి మూడువారాలుగా వాడుతున్నాను. చెవి వెనక ఒదిగి, సన్నని తీగ చివర రిసీవర్ అనే చిన్న స్పీకరు చెవి లోపల కూర్చునే రకం అది. మాట కొంచెం పెద్దదైంది, స్పష్టత పెద్దగా పెరగలేదు. అదే మోడల్ క్లినిక్‌లో కూడా అమ్ముతారు. ఆడియాలజిస్టు నా చెవిలో నూలుపోగు కంటే కొంచెం లావుగా ఉన్న మెత్తని గొట్టాన్ని కర్ణభేరికి దగ్గరదాకా పోనిచ్చి, దానిమీద షోరూమ్ యంత్రాన్ని పెట్టి, ఎదురుగా ఉన్న స్పీకరులోంచి మాటలు వినిపించింది. ఆ గొట్టానికి అవతలి కొసన ఒక మైకు ఉంటుంది. యంత్రం లోంచి వచ్చిన శబ్దం కర్ణభేరి దగ్గర నిజంగా ఎంత ఉందో అది కొలుస్తుంది. మెల్లని మాట, మామూలు మాట, గట్టి మాట, అంటే సుమారు 50, 65, 80 డెసిబెల్స్ స్థాయిల్లో విడివిడిగా చూస్తారు. తెరమీద రెండు గీతలు కనిపించాయి. పైది నా ఆడియోగ్రామ్‌కు అందవలసిన లక్ష్యం, కిందది అందుతున్నది. 1000 హెర్ట్జ్ వరకు రెండూ కలిసే నడిచి, 2000 దాటాక విడిపోయాయి. 4000 దగ్గర పది డెసిబెల్స్‌కు పైగా ఎడం ఉంది. ఏ హల్లుల కోసం యంత్రం కొనాలనుకున్నానో ఆ హల్లులు యంత్రం పెట్టుకున్నాక కూడా నాకు అందడం లేదన్నమాట.

దీనికి కారణం యంత్రం నాసిరకం కావడం కాదు. ఆడియోగ్రామ్‌ను కంప్యూటర్‌లో ఎక్కించగానే కంపెనీ సాఫ్ట్‌వేర్ తనంత తానే ఒక అమరిక ఇస్తుంది. అది సగటు చెవిని ఊహించుకుని ఇచ్చేది. చెవిరంధ్రం పొడవు, వెడల్పు మనిషికీ మనిషికీ మారతాయి. ఇరుకు చెవిలో అదే శబ్దం ఎక్కువ ఒత్తిడితో తగులుతుంది, విశాలమైన చెవిలో తగ్గుతుంది. దానికితోడు కొత్తగా పెట్టుకున్నవారికి కీచుశబ్దాలు చిరాకు తెప్పించి యంత్రం తిరిగి ఇచ్చేస్తారన్న భయంతోనో, ఈల వేస్తుందన్న భయంతోనో, ఆ తొలి అమరికలో ఎక్కువ పౌనఃపున్యాలను తగ్గించి ఉంచడం మామూలే. షోరూమ్‌లో ఆ తొలి అమరికనే ఉంచి 'ఎలా ఉంది సార్' అని అడిగారు, నేను 'బాగుంది' అన్నాను. రెండేళ్లుగా సరిగా వినని మనిషికి ఎలా ఉండాలో ఏం గుర్తుంటుంది? నా జవాబుకు విలువ లేదని ఇప్పుడు తెలుస్తోంది.

లక్ష్యాన్ని ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న సహజం. ఆస్ట్రేలియా జాతీయ ధ్వని ప్రయోగశాలలు రూపొందించిన ఎన్‌ఏఎల్-ఎన్‌ఎల్2, కెనడాలోని వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పుట్టిన డీఎస్‌ఎల్ అనే రెండు సూత్రాలు విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. రెండోది ముఖ్యంగా పిల్లల విషయంలో పేరుపొందింది. ఏ కంపెనీతోనూ సంబంధం లేని కొలబద్దలు ఇవి. క్లినిక్‌లో మొదటి సూత్రాన్ని పట్టుకుని అమర్చారు. అయితే మొదటిరోజే లక్ష్యం దాకా పెంచలేదు. కొంత తగ్గించి ఉంచి, రెండు వారాల తేడాతో రెండుసార్లు పెంచారు. మొదటిరోజు కాగితం మడిచిన చప్పుడు కూడా రేకు చించినట్టు ఉంది కనుక ఆ జాగ్రత్త నాకు నచ్చింది. ఈ కొలతకు మొత్తం పట్టింది అరగంట. ఆ పరికరం గొలుసు దుకాణంలో కూడా ఒక మూల ఉంది, దానిమీద కప్పిన గుడ్డ మాత్రం చాలాకాలంగా కదిలించినట్టు లేదు. కనుక 'మీ దగ్గర చెవిలో గొట్టం పెట్టి కొలిచే పరికరం ఉందా' అని అడగడం చాలదు, 'నాకు దానితో కొలుస్తారా, ఆ గీతల ప్రతి నాకు ఇస్తారా' అని అడగాలి.

ధరల మెట్ల గురించి కూడా చెప్పాలి. ప్రతి కంపెనీ ఒకే యంత్రాన్ని మూడు నాలుగు మెట్లలో అమ్ముతుంది. చాలాసార్లు పై డొప్ప అదే, లోపలి చిప్ కూడా అదే, తెరిచి ఉంచిన సౌకర్యాల్లోనే తేడా. చానళ్లు (శబ్దాన్ని విడివిడిగా సరిచేసే పౌనఃపున్య భాగాలు) ఎక్కువ, రొదను గుర్తించే పద్ధతులు ఎక్కువ, మైకు దిశను మార్చుకునే నేర్పు ఎక్కువ. షోరూమ్‌లో నన్ను పై మెట్టుకు ఎక్కించాలని గట్టిగా ప్రయత్నించారు. అమెరికాలోని మెంఫిస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, నాలాగే కొద్దిపాటి నుంచి మధ్యస్థ లోపం ఉన్న పెద్దవయసువారికి జాగ్రత్తగా అమర్చిన ఖరీదైన యంత్రాలకూ ప్రాథమిక స్థాయి యంత్రాలకూ మధ్య మాట అర్థం కావడంలోనూ, రోజువారీ జీవితంలోనూ గుర్తించదగిన తేడా కనిపించలేదు. రెండూ మేలు చేశాయి. అందులో 'జాగ్రత్తగా అమర్చిన' అన్న మాటే అసలు విషయమని నా అభిప్రాయం. నిత్యం సభల్లో, రద్దీ భోజనశాలల్లో మాట్లాడవలసిన ఉద్యోగస్థులకు పై మెట్టు కొంత పనికి రావచ్చు. నేను మధ్య మెట్టు తీసుకున్నాను, ఇప్పుడైతే కింది మెట్టును కూడా ఒక వారం పెట్టి చూసేవాణ్ని.

ఆన్‌లైన్ సంస్థ గురించి నేను చెడుగానే రాయాలని అనుకుని మొదలుపెట్టాను, అంత చెడుగా లేదు. ఫోన్‌లోని యాప్‌తో పరీక్ష చేసుకోవాలి. ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నవేళ చేసుకుంటే నా అంకెలు క్లినిక్ అంకెలకు బాగా దగ్గరగానే వచ్చాయి. షోరూమ్‌లో రొదగదిలో చేసిన పరీక్ష కన్నా అదే నయం. తిరిగి పంపడం నలుగురిలోకీ ఇక్కడే సులువు. ఎవరూ నచ్చజెప్పే ప్రయత్నం చేయలేదు. కానీ ఫోన్ నా చెవిలోని గులిమిని చూడలేదు, ఎముక పరీక్ష చేయలేదు. చెవిలో కూర్చునే మెత్తని టోపీలాంటి డోమ్ జారిపోతుంటే చేతులతో చూపించేవారు లేరు, చాట్‌లో రాసి జవాబు కోసం కాచుకోవాలి. అమెరికాలో 2017 నాటి చట్టాన్ని అనుసరించి 2022 అక్టోబరు 17 నుంచి వైద్యుల చీటీ లేకుండా నేరుగా అమ్మకానికి వీలిచ్చిన యంత్రాలు ఈ కోవలోవే. అక్కడి నిబంధన ప్రకారం అవి 18 ఏళ్లు నిండినవారికి, కొద్దిపాటి నుంచి మధ్యస్థ లోపం ఉన్నట్టు తోచినవారికి మాత్రమే. వాటి గరిష్ఠ శబ్దానికి 111 డెసిబెల్స్, కొన్ని రకాల అమరికలున్నవాటికి 117 డెసిబెల్స్ అని హద్దు కూడా పెట్టారు. 2024 సెప్టెంబరులో యాపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో రెండోతరం ఇయర్‌బడ్స్‌లోని వినికిడి సాఫ్ట్‌వేర్‌కు అక్కడి ఆహార ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది. లోపం కొద్దిగా ఉండి, రోజులో రెండు మూడు గంటలు మాత్రమే సాయం కావలసి, ఫోన్‌తో చనువున్నవారికి ఇవి మంచి మొదటిమెట్టు. తీవ్రలోపం ఉన్నవారికి, పిల్లలకు ఇవి తగవు. ఇదే వరుసలో 'చెవి మిషన్' అన్న పేరుతో మరీ చవకగా దొరికే శబ్దవర్ధకాలు కూడా కనిపిస్తాయి. నా ఆడియోగ్రామ్‌లా వాలిన గీతకు అవి చేసేది, వినపడే అచ్చులను కూడా అరిపించడం మాత్రమే.

ధరల పోలిక అనుకున్నంత తేలిక కాదు. షోరూమ్, క్లినిక్ రెండూ యంత్రం ధరలోనే పరీక్ష, అమరిక, రాబోయే కొన్నేళ్ల సవరింపులు, వారంటీ అన్నీ కలిపి ఒకే అంకె చెబుతాయి. గొలుసు దుకాణంలో మొదటి ఏడాది సేవ మాత్రమే కలుస్తుంది. ఆన్‌లైన్‌లో వస్తువు ధర మాత్రమే. కనుక అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే తప్పుతుంది; నాలుగింటినీ ఐదేళ్ల ఖర్చుగా మార్చుకుని చూశాను. అలా చూసేసరికి గొలుసు దుకాణానికీ క్లినిక్‌కూ మధ్య తేడా సగానికి తగ్గింది. క్లినిక్‌ను సేవ ధర విడిగా, యంత్రం ధర విడిగా రాసి ఇమ్మంటే కొంచెం మొహమాటపడి ఇచ్చారు. షోరూమ్‌వాళ్లు ఇవ్వలేదు, బదులుగా 'ఈ వారమే' అంటూ తగ్గింపు ప్రకటించారు. మరుసటి నెల వెళ్తే కూడా అది 'ఈ వారమే'.

చిన్న విషయాలు కొన్ని. రీచార్జి రకం ఒక రాత్రి చార్జితో రోజంతా నడుస్తుంది. దాని బ్యాటరీ కొన్నేళ్లకు నీరసించినప్పుడు దుకాణంలోనే మారుస్తారా, కంపెనీకి పంపాలా అని అడగాలి. విడి బ్యాటరీల్లో 10 నంబరుకు పసుపు, 312కు గోధుమ, 13కు నారింజ, 675కు నీలం రంగు చీటీ ఉంటుంది. చీటీ పీకాక కొద్ది నిమిషాలు గాలి తగలనిచ్చి పెడితే సరిగా పనిచేస్తాయి. వేళ్లు వణికేవారికి 10 నంబరు ఒక శిక్ష. టెలికాయిల్ ఉందో లేదో చూసుకోవాలి, మైకు శబ్దాన్ని నేరుగా యంత్రానికే పంపే లూప్ వ్యవస్థ ఉన్న సభామందిరాలకు వెళ్లేవారికి అది ఎంతో మేలు. 2022లో ప్రకటించిన, బ్లూటూత్ ద్వారా ఒకేసారి ఎందరికో శబ్దం పంపే ఆరాకాస్ట్ దాని స్థానంలోకి రావడానికి ఇంకా సమయం పడుతుంది. మన ఫోన్‌తో యంత్రం కలుస్తుందో లేదో మాటమీద నమ్మక, అక్కడే కలిపి ఒక కాల్ మాట్లాడి చూడాలి.

ట్రయల్ సమయంలో నేను చేసిన ఒక పని ఉపయోగపడింది. మా ఆవిడ నోరు పుస్తకంతో కప్పుకుని పక్కగది గుమ్మం నుంచి ఇరవై మాటలు చదివేది, నేను విన్నది రాసుకునేవాణ్ని. తల, కల, పాత, పాక, సాయం, కాయం, ఇలాంటివే. షోరూమ్ అమరికతో పదకొండు సరిగా రాశాను, గొలుసు దుకాణం యంత్రంతో పదమూడు, ఆన్‌లైన్‌దానితో పన్నెండు. క్లినిక్ అమరిక పూర్తయ్యాక పదిహేడు. ఇది శాస్త్రీయం కాదని నాకు తెలుసు, మాటలు కొంత గుర్తుండిపోవడం కూడా అందులో ఉంది. అందుకే చివర్లో ఆవిడ జాబితా మార్చింది, అప్పుడు పదహారు వచ్చాయి.

చివరికి క్లినిక్‌లోనే కొన్నాను, రెండు చెవులకూ, డోములు తెరిచి ఉండే రకం. నాకు తక్కువ పౌనఃపున్యాలు సహజంగానే వినపడతాయి కనుక చెవిరంధ్రాన్ని పూర్తిగా మూస్తే సొంత గొంతు కుండలోంచి వచ్చినట్టు మోగుతుంది. ఎనిమిది నెలలయింది. దిండుకు చెవి ఆనిస్తే ఎడమది ఈల వేస్తుంది. ఒక సైజు పెద్ద డోమ్ వేశాక తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అపాయింట్‌మెంటు కోసం ఒక్కోసారి మూడు వారాలు ఆగవలసి వస్తోంది, ఈ విషయంలో గొలుసు దుకాణమే మెరుగు. ఐదో నెలలో కుడి రిసీవర్ పాడైంది. వారంటీలోనే మార్చారు, కానీ అది వచ్చేదాకా తొమ్మిది రోజులు ఒక చెవితోనే గడిపాను. మరమ్మతు సమయంలో బదులు యంత్రం ఇస్తారా అని నలుగురిలో ఒక్కరిని కూడా నేను అడగలేదు.